అలోయిస్ అల్జీమర్

వార్ధక్యము వచ్చినకొలది మానవునకు జ్ఞాపకశక్తి కొంత తగ్గుట సహజము. కండ్లజోడును నొసటిపైకి త్రోసికొని, దానికొఱకు ఇల్లెల్ల వెదకు తాతలను మనము చూచియే యుందుము. అట్టి మఱపును చూచి మనము నవ్వుకొందుము. వారును మనతో కలిసి నవ్వుదురు. కాని కొందఱి విషయమున ఈ మఱపు అంతటితో ఆగదు. వారు పుట్టిన ఊరును, కన్నబిడ్డల పేర్లను, తుదకు తమ పేరును గూడ మఱచిపోవుదురు. అన్నము తిని చేయి కడుగుకొనిన పిమ్మట, తాము తినలేదని అలుగుదురు. నలువది ఏండ్లు కాపురమున్న ఇంటిలోనే త్రోవ తెలియక తిరుగాడుదురు. పూర్వము ఇట్టివారిని చూచి చాదస్తమని కొందఱు, పిచ్చియని కొందఱు, గ్రహపీడయని మఱికొందఱు తలచెడివారు. ఇది మెదడునకు కలుగు వ్యాధియనియు, ఆ వ్యాధి మెదడునందు కంటికి కనబడు గుర్తులను విడుచుననియు లోకమునకు చూపినవారిలో అగ్రగణ్యుడు అలోయిస్ అల్జీమర్ అను జర్మను వైద్యుడు. నేడా వ్యాధి ఆయన పేరుతోనే పిలువబడుచున్నది.

అల్జీమర్ 1864వ సంవత్సరము జూన్ నెల 14వ తేదీన బవేరియా రాజ్యములోని మార్క్ట్‌బ్రైట్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ పట్టణము మైన్ నది యొడ్డున నున్నది. తండ్రి ఎడ్వర్డ్ నోటరీ పదవిలో నుండి, జనుల దస్తావేజులను ధ్రువపఱచుచుండెడివాడు. తల్లి పేరు థెరీసియా. కొంతకాలమునకు ఆ కుటుంబము బిడ్డల చదువుకొఱకు అషాఫెన్‌బర్గ్ నగరమునకు తరలిపోయెను. అచటి ఉన్నత పాఠశాలలో అల్జీమర్ 1883లో చదువు ముగించెను.

పిమ్మట ఆయన వైద్యవిద్య నభ్యసింప నెంచి, బెర్లిన్, వుర్ట్స్‌బర్గ్, ట్యూబింగెన్ నగరముల విశ్వవిద్యాలయములలో చదివెను. ఆయన పొడగరి, దృఢకాయుడు, ఉల్లాసవంతుడు. ఆ కాలపు జర్మను విద్యార్థులకు కత్తిసాము మిక్కిలి ప్రియమైన వినోదము. అల్జీమర్ కూడ ఆ సాము చేసి, ఎడమ చెక్కిలిపై ఒక గాటును సంపాదించుకొనెను. ఆ మచ్చ జీవితాంతము ఆయన ముఖముపై నిలిచియుండెను. 1887లో వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టమును పొందెను. చెవిలో గులిమిని పుట్టించు గ్రంథులను గూర్చి ఆయన తన పరిశోధన వ్యాసమును వ్రాసెను. విషయము చిన్నదే, కాని దానికొఱకు దినముల తరబడి సూక్ష్మదర్శిని యెదుట కూర్చుండవలసివచ్చెను. కంటికి కానరాని దానిని ఓర్పుతో చూచుట ఆయన అచటనే అలవఱచుకొనెను.

1888వ సంవత్సరము డిసెంబరు నెలలో అల్జీమర్ ఫ్రాంక్‌ఫర్ట్ నగరములోని మానసిక రోగుల వైద్యశాలలో సహాయ వైద్యుడుగా చేరెను. ఆ రోజులలో అట్టి వైద్యశాలలు చాలవఱకు చెఱసాలలను పోలియుండెడివి. అలజడి చేయు రోగులను కట్టివేయుటయు, చీకటి గదులలో బంధించుటయు వాడుక. ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యశాలకు అధిపతియైన ఎమిల్ సియోలి ఈ పద్ధతిని అసహ్యించుకొనెను. ఆయనయు అల్జీమరును కలిసి, రోగులను బంధించుట మాన్పి, గాలియు వెలుతురును గల పెద్ద గదులలో వారిని ఉంచి, గోరువెచ్చని నీటి స్నానములతో శాంతింపజేయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. రోగి ప్రక్కన కూర్చుండి అతనితో మాటలాడుటయే ప్రథమ చికిత్సయని అల్జీమర్ నమ్మకము.

మఱుసటి సంవత్సరము ఫ్రాంజ్ నిస్సల్ అను మఱియొక యువ వైద్యుడు ఆ వైద్యశాలకు వచ్చెను. నాడీకణములు స్పష్టముగ కనబడునట్లు మెదడు ముక్కలకు రంగు వేయు పద్ధతిని నిస్సల్ విద్యార్థి దశయందే కనిపెట్టియుండెను. వారిద్దఱును ప్రాణమిత్రులైరి. పగలు రోగులను చూచుటయు, రాత్రి సూక్ష్మదర్శిని యెదుట కూర్చుండుటయు వారి దినచర్య. మనస్సునకు కలుగు వ్యాధులలో కొన్నింటికైనను మెదడునందలి మార్పులే కారణమై యుండవలెనని వారి ఊహ. ఊహ యొకటి, నిరూపణ యొకటి. నిరూపణకొఱకు వారు ఏండ్లకొలది శ్రమించిరి.

1894లో అల్జీమర్ సిసిలీ అను సంపన్నురాలైన వితంతువును వివాహమాడెను. వారికి ఇద్దఱు కుమార్తెలు, ఒక కుమారుడు కలిగిరి. ఆ కాపురము అన్యోన్యమైనదే కాని దీర్ఘకాలము సాగలేదు. 1901వ సంవత్సరారంభమున సిసిలీ మరణించెను. ముగ్గురు పసిబిడ్డలను పెంచు భారమును అల్జీమర్ సోదరి వహించెను. దుఃఖమును మఱచుటకు ఆయనకు పనియొక్కటే దిక్కయ్యెను. ఆ యేడు కడపటనే ఆయన పేరును చిరస్థాయిగా నిలుపు రోగి ఆ వైద్యశాలకు వచ్చెను.

ఆమె పేరు అగుస్టె. వయస్సు 51 సంవత్సరములు. ఆమె భర్త రైల్వే కార్యాలయమున గుమాస్తా. అంతవఱకు ఇంటిని చక్కగ దిద్దుకొనుచు వచ్చిన ఆ ఇల్లాలు కొంతకాలముగా మాఱిపోయెను. వంట చేయుట మఱచెను. వస్తువులను దాచి, దాచినచోటు మఱచెను. భర్తపై అకారణముగ అనుమానపడెను. తన్నెవరో చంపవచ్చుచున్నారని కేకలు వేసెను. భర్త చేయునదిలేక, 1901 నవంబరు 25వ తేదీన ఆమెను వైద్యశాలలో చేర్పించెను.

మఱునాడు అల్జీమర్ ఆమె మంచము ప్రక్కన కూర్చుండి, సామాన్యమైన ప్రశ్నలను ఒకటొకటిగా అడిగెను. పేరు అడుగగా ఆమె తన పేరు చెప్పెను. ఇంటిపేరు అడుగగా మఱల ఆ పేరే చెప్పెను. భర్త పేరు అడిగినను అదే సమాధానము. భోజనమున పంది మాంసముతో క్యాలీఫ్లవరు కూర తినుచుండగా, ఏమి తినుచున్నావని అడిగిన, పాలకూర యని చెప్పెను. కలము, తాళపుచెవి, చుట్ట మున్నగు వస్తువులను చూపగా వాని పేర్లను సరిగనే చెప్పెను. కాని కొంతసేపటికి తనకేవేవి చూపబడినవో ఆమెకు తెలియదు. పేరు వ్రాయుమని కాగితమిచ్చిన, శ్రీమతి యను మాట వ్రాసి, తక్కినది తోచక ఆగిపోయెను. తన్ను తానే పోగొట్టుకొంటినని ఆమె దీనముగా చెప్పుకొనెనట. అల్జీమర్ ఆ ప్రశ్నలను, సమాధానములను పొల్లుపోకుండ వ్రాసియుంచెను. ఒక గుమాస్తా భార్య తడబడుచు పలికిన మాటలు వ్రాసికొనదగినంత విలువైనవని ఆయన యెంచెను. ఆయన గొప్పదనమంతయు అందే కలదు.

అతి వృద్ధులలో మతి చెడుట వైద్యు లెఱిగినదే. కాని 51 ఏండ్లకే ఇట్లగుటకు కారణమేమి? కారణము మెదడులోనే యున్నదని అల్జీమర్ అనుమానించెను. ఐనను బ్రతికియున్న మనిషి మెదడును చూచుటెట్లు? 1895లో, ఆయన చదివిన వుర్ట్స్‌బర్గ్ నగరముననే, రంట్‌జెన్ అను శాస్త్రజ్ఞుడు ఎక్స్‌రే కిరణములను కనిపెట్టియుండెను. ఆ కిరణములు ఎముకలను చూపును. కాని వెన్నవలె మెత్తనైన మెదడు, దానిని చుట్టియున్న పుఱ్ఱె నీడలో మాటుపడిపోవును. కావున అల్జీమరునకు వేచియుండుట తప్ప గత్యంతరము లేకపోయెను. రోగి బ్రతికియున్నంతకాలము వ్యాధిని చూడలేడు. చూడగలుగునాటికి ఆ రోగికి చేయగల ఉపకారమేదియు మిగిలియుండదు. ఆనాటి వైద్యునకు ఇంతకన్న వేఱొక దుఃఖము లేదు.

1903లో ఆయన ఎమిల్ క్రేపెలిన్ అను ప్రసిద్ధ మానసిక వైద్యుని పిలుపుపై, మొదట హైడెల్బర్గునకును, వెంటనే మ్యూనిక్ నగరమునకును వెళ్లెను. మ్యూనిక్ వైద్యశాలలో ఆయన కొంతకాలము జీతము లేకయే, భార్య విడిచిపోయిన ధనముతో జీవించుచు పరిశోధనలు సాగించెను. ఆయన ప్రయోగశాలకు పలు దేశములనుండి విద్యార్థులు వచ్చిరి. అల్జీమర్ ఒక్కొక్కని ప్రక్కన కూర్చుండి, అతని సూక్ష్మదర్శినిలో తానును చూచుచు, కనబడినదానిని ఓర్పుతో వివరించెడివాడు. ఆయన చుట్ట త్రాగుచు ఒక విద్యార్థి యొద్ద కూర్చుండి, దానిని బల్లపై పెట్టి మఱచి, మఱియొకని యొద్దకు పోయి క్రొత్త చుట్ట వెలిగించెడివాడట. సాయంకాలమునకు ప్రతి బల్లపై ఒక చుట్టముక్క మిగిలియుండెడిదని శిష్యులు ముచ్చటగా చెప్పుకొనెడివారు.

ఇంత దూరమున నున్నను ఆయన అగుస్టెను మఱువలేదు. ఆమె స్థితిగతులను ఫ్రాంక్‌ఫర్ట్ నుండి తెలిసికొనుచునే యుండెను. ఆమె నానాటికి క్షీణించి, మాట పోగొట్టుకొని, మంచము పట్టి, 1906 ఏప్రిల్ 8వ తేదీన మరణించెను. అల్జీమర్ కోరికపై సియోలి ఆమె మెదడును మ్యూనిక్ నగరమునకు పంపెను.

మెదడు అంతటను సమముగ కృశించియుండుటను అల్జీమర్ మొదట గమనించెను. పిమ్మట దానిని పలుచని పొరలుగా కోయించి, బీల్షోవ్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు అప్పటికి కొలది ఏండ్లక్రిందట కనిపెట్టిన పద్ధతి ననుసరించి, వెండి లవణములతో రంగువేసి చూచెను. అప్పుడు రెండు వింతలు కనబడెను. మెదడు పైపొరయందు అంతటను, కణములకు వెలుపల, ఏదో పదార్థము గట్టిపడి చిన్న చిన్న ముద్దలుగా పేరుకొని యుండెను. కణముల లోపలనో, సన్నని పోగులు చిక్కుపడిన నూలువలె మెలివడి యుండెను. కొన్నిచోట్ల కణము నశించి, ఈ పోగుల చిక్కు మాత్రమే మిగిలియుండెను. పైపొరయందలి నాడీకణములలో నాలుగవ వంతునుండి మూడవ వంతు వఱకు ఇట్లు మాఱియున్నవని ఆయన లెక్కగట్టెను. అగుస్టె మఱపునకు మూలము దొరకెను.

ఆ సంవత్సరమే నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్ నగరమున జరిగిన మానసిక వైద్యుల సభలో అల్జీమర్ తాను కనుగొనినదానిని వివరించి, చిత్రములను చూపెను. ఉపన్యాసము ముగిసెను. ఎవ్వరును ఒక ప్రశ్నయైన వేయలేదు. ఒక మెచ్చుకోలు మాటయైన వినబడలేదు. సభ తరువాతి విషయమునకు సాగిపోయెను. అల్జీమర్ చిన్నబోయెనే కాని పని మానలేదు. 1907లో తన ఉపన్యాసమును ముద్రింపించెను. ఆ దినములలోనే ప్రాగ్ నగరమున ఓస్కర్ ఫిషర్ అను వైద్యుడును వృద్ధుల మెదళ్లలో ఇట్టి ముద్దలనే కనుగొనెను. అల్జీమర్ శిష్యుడు పెరుసీని మఱికొందఱు రోగుల మెదళ్లను పరీక్షించి, గురువు చెప్పినది నిజమని చూపెను. 1910లో క్రేపెలిన్ తన వైద్యగ్రంథమున ఈ వ్యాధిని అల్జీమర్ పేరుతో పేర్కొనెను. సభలో ఎవ్వరును పట్టించుకొనని విషయము నాలుగేండ్లలో వైద్యవిద్యార్థులకు పాఠమయ్యెను.

1912లో అల్జీమర్ బ్రెస్లా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నియమింపబడెను. ఆ నగరము నేడు పోలండు దేశమున వ్రొట్స్వాఫ్ అను పేరుతో నున్నది. పదవిని చేపట్టుటకు రైలులో పోవుచుండగనే ఆయన జబ్బుపడెను. అది గుండెను పట్టిన వ్యాధి. ఐనను ఆయన మూడేండ్లు విశ్రాంతి లేక పనిచేసి, 1915 డిసెంబరు 19వ తేదీన పరమపదించెను. అప్పటికి ఆయనకు 51 ఏండ్లు. అగుస్టె ఆయన యెదుటికి వచ్చినప్పుడు ఆమె వయస్సును అంతే. ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున భార్య సమాధి ప్రక్కన ఆయనను సమాధి చేసిరి.

ఎనుబది ఏండ్లు గడచిన పిదప, 1995లో, ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యశాలలోని పాత కాగితముల నడుమ అగుస్టె రోగ వివరముల కట్ట దొరకెను. అందు అల్జీమర్ స్వహస్తముతో వ్రాసికొనిన ప్రశ్నలును, అగుస్టె తడబడుచు పెట్టిన సంతకపు ముక్కలును ఉండెను. మ్యూనిక్ నగరమున ఆమె మెదడు పొరలు అంటించిన గాజుపలకలును బయటపడెను. శాస్త్రజ్ఞులు వానిని మఱల పరీక్షించి, అల్జీమర్ చూచినది సత్యమేయని 1998లో ప్రకటించిరి.

అల్జీమర్ చూడగోరియు చూడలేకపోయినదానిని నేటి వైద్యులు చూడగలుగుచున్నారు. 1971లో లండను నగరమున హౌన్స్‌ఫీల్డ్ అను ఇంజనీరు నిర్మించిన సి.టి. యంత్రముతో, బ్రతికియున్న రోగి మెదడును పుఱ్ఱె తెఱవకయే పొరలు పొరలుగ మొట్టమొదట చిత్రించిరి. 1973లో లాటర్‌బర్ అను శాస్త్రజ్ఞుడు ఎం.ఆర్.ఐ. పద్ధతికి పునాది వేసెను. ఇందు మనిషిని బలమైన అయస్కాంతము నడుమ పరుండబెట్టి రేడియో తరంగములను పంపుదురు. దేహమందలి నీటిలోని హైడ్రోజను పరమాణువులు తిరిగి యిచ్చు సంకేతములనుండి గణనయంత్రము చిత్రమును కూర్చును. కోతయు లేదు, నొప్పియు లేదు.

మన తలలో కణతల లోపలి భాగమున, ఇరుప్రక్కల, ఇంచుమించు చిటికెనవ్రేలంత అవయవ మొకటి కలదు. సముద్రపు గుఱ్ఱమును పోలియుండుటచే దానికి హిప్పోకాంపస్ అని పేరు వచ్చెను. క్రొత్త విషయములను జ్ఞాపకమున నిలుపుట దాని పని. అల్జీమర్ వ్యాధిలో మొదట దెబ్బతిను భాగములలో ఇదియొకటి. ఒకే మనిషి మెదడును సంవత్సరమునకు ఒకమారు చిత్రించి, ఆ చిత్రములను ఒకదానితో నొకటి పోల్చినచో, ఇది ఎంత కృశించినదియు కొలువవచ్చును. ఆరోగ్యవంతులైన వృద్ధులలో ఇది సంవత్సరమునకు నూటికి ఇంచుమించు ఒకటి రెండు వంతులు తగ్గును. వ్యాధిగ్రస్తులలో నాలుగైదు వంతులు తగ్గును. మెదడు నడుమ ద్రవముతో నిండియుండు కుహరములు ఆ మేరకు విశాలమగును. అగుస్టె మెదడు కృశించెనని అల్జీమర్ ఆమె మరణానంతరము వ్రాసెను. అట్టి కృశత్వమును నేడు రోగి బ్రతికియుండగనే కొలుచుచున్నారు.

ఆయన వెండిరంగుతో చూచిన ముద్దలు సైతము నేడు జీవించియున్నవారిలో కనబడుచున్నవి. అవి అమిలాయిడ్ అను మాంసకృత్తుతో ఏర్పడినవి. దానిని అంటిపెట్టుకొను ఒక రసాయనమును అమెరికాలోని పిట్స్‌బర్గ్ శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. 2002లో స్వీడన్ దేశపు ఉప్సాలా నగరమున దానిని మొదటిసారి ఒక రోగి రక్తములోనికి ఎక్కించి, పెట్ అను యంత్రముతో చిత్రించిరి. ముద్దలున్న తావులు చిత్రమున వెలుగొందెను. మఱపు బయటపడుటకు పదునైదు ఇరువది ఏండ్లకు ముందే ఇవి పేరుకొన నారంభించునని ఇట్టి పరిశోధనల వలన తేలెను.

ఐనను చిత్రమొక్కటియే సర్వమును చెప్పజాలదు. ముద్దలుండియు చక్కని జ్ఞాపకశక్తి గల వృద్ధులు కలరు. వేఱు వ్యాధుల వలనను మెదడు కృశింపవచ్చును. అందుచే నేటికిని వైద్యుడు మొదట రోగి యెదుట కూర్చుండి, పేరేమి, ఊరేమి, నేడేవారము అని అడుగును. ప్రశ్న వేయనేర్చిన వైద్యునకే యంత్రము ఉపకరించును. ప్రపంచమున 2021 నాటికి 5 కోట్ల 70 లక్షల మందికి ఇట్టి మతిమఱపు వ్యాధులున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మంది ఇట్టివారు కలరని 2023లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. వ్యాధిని కొంత నెమ్మదింపజేయు మందులు వచ్చినవి కాని, పూర్తిగ కుదుర్చు మందు ఇంకను రాలేదు. మందు వచ్చువఱకును, వచ్చిన పిదపను, ఆ వృద్ధులకు కావలసినది ఇంటివారి ఆదరణము.

అల్జీమర్ రాజ్యములను జయింపలేదు. గొప్ప యంత్రములను నిర్మింపలేదు. తన పేరు తాను మఱచిన ఒక స్త్రీ యెదుట కూర్చుండి, ఆమె చెప్పినది శ్రద్ధగా విని వ్రాసికొనెను. నాలుగేండ్లకు పైగా వేచియుండి, ఆమె మఱపునకు కారణమును వెదకి చూపెను. అడిగినదే పదేపదే అడుగు తాత గాని, మన పేరు మఱచిన అవ్వ గాని మన యింట నున్నయెడల, వారు మనలను విసిగించుటకు అట్లు చేయుటలేదనియు, వారి మెదడునందలి కణములు ఒకటొకటిగా రాలిపోవుచున్నవనియు మనము గ్రహింపవలెను. అట్లు గ్రహించి, నూఱవమారు అడిగిన ప్రశ్నకును మొదటిమారు వలెనే శాంతముగా బదులు చెప్పిననాడు, ఆ మహావైద్యుని జీవితమును చదివినందులకు ఫలము మనకు దక్కును.